ఖాళీగా మిగిలిన గడి

ప్రశ్న: మేడమ్, నేను గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మాది ముప్పై పడకల జనరల్ మెడిసిన్ వార్డు. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు నైట్ డ్యూటీ. ఇద్దరం ఉండాలి గానీ సగం రాత్రులు ఒక్కదాన్నే ఉంటాను. నాకు ముందు ఈవెనింగ్ డ్యూటీ చేసే అక్క నాకంటే పదిహేనేళ్లు సీనియర్. నేను వెళ్లేసరికి సెలైన్లు అయిపోయి ఉంటాయి, యూరిన్ అవుట్‌పుట్ రాసి ఉండదు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు ఉండవు. "అందరూ బాగానే ఉన్నారు, రిపోర్ట్ బుక్‌లో రాశాను" అని చెప్పి ఆమె బ్యాగు తగిలించుకుని వెళ్లిపోతారు. పోయిన నెలలో 12వ పడక పెద్దాయన చార్టులో రాత్రి ఇన్సులిన్ గడి ఖాళీగా ఉంటే, ఇవ్వలేదనుకుని సిరంజిలోకి తీసుకుని వెళ్లాను. "ఇందాకే పొడిచారు కదమ్మా" అని ఆయన భార్య అనడంతో ఆగిపోయాను. కోపం పట్టలేక ఆ చార్టును ఫొటో తీసి వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు, మిగతా సీనియర్లు కూడా ముఖం తిప్పుకుంటున్నారు. ఉదయం నన్ను రిలీవ్ చేయవలసిన సిస్టర్ తెనాలి నుంచి రైల్లో వస్తారు, ఎనిమిది నలభైకి గానీ చేరరు. ఇన్‌ఛార్జి మేడమ్‌కు చెబితే "మీలో మీరు సర్దుకోండి" అంటారు. ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులో ఏడుపు వస్తోంది. ఉద్యోగం మానేయమంటారా?
— ఒక స్టాఫ్ నర్సు, గుంటూరు

సమాధానం: అమ్మా, ఉద్యోగం మానేయాలా అని మీరు అడిగింది ఉత్తరం చివరి వాక్యంలో. నేను మాత్రం 12వ పడక దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. రెగ్యులర్ ఇన్సులిన్ పొడిచిన అరగంటకు పనిచేయడం మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు గంటల మధ్య పూర్తి బలం చూపిస్తుంది. ఎనిమిదింటికి రెండో మోతాదు కూడా పడి ఉంటే, వార్డులో లైట్లు తీసేసి, ఆ భార్య మంచం పక్కన చాప పరచుకుని పడుకున్న వేళకు ఆయన రక్తంలో చక్కెర పడిపోవడం మొదలయ్యేది. చెమటలు పట్టినా, మనిషి మగతలోకి జారినా, నిద్రపోతున్న రోగిలో దానిని గుర్తుపట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. ముప్పై మందికి మీరు ఒక్కరే ఉన్న రాత్రి అయితే ఆ మంచం దగ్గరికి మీరు మళ్లీ ఎప్పుడు వెళ్లగలిగేవారో చెప్పలేము. ఆ తల్లి ఒక్క మాటతో ఆయనను కాపాడింది, మిమ్మల్నీ కాపాడింది. మీ చేతులు ఇప్పటికీ వణుకుతున్నాయంటే అందులో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు.

ఆ గడి ఎందుకు ఖాళీగా ఉండిపోయిందో మీరు మీ ఉత్తరంలో ఎక్కడా అడగలేదు. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది వరకు మెడిసిన్ వార్డు ఎలా ఉంటుందో ఒకసారి తలచుకోండి. రాత్రి భోజనాలు వస్తాయి, చూడటానికి వచ్చిన బంధువులు మంచానికి నలుగురు చొప్పున ఉంటారు, క్యాజువాల్టీ నుంచి కొత్త అడ్మిషన్ పైకి వస్తుంది, సాయంత్రం ఓపీ ముగించుకున్న పెద్ద డాక్టరు గారు సరిగ్గా ఆ వేళకే రౌండ్స్‌కు వస్తారు. భోజనానికి ముందు ఇన్సులిన్ పొడిచి, చార్టు నర్సుల టేబుల్ మీద ఉన్నందువల్ల తరువాత రాద్దామనుకుని, ఈలోగా ఎవరో పిలిస్తే అటు వెళ్లిపోవడం అనేది నిర్లక్ష్యం ఉన్నవాళ్లకే జరిగే విషయం కాదు. మన వార్డులలో చాలామందికి ఇంజెక్షన్లన్నీ ఇచ్చేసి, డ్యూటీ దిగే ముందు కూర్చుని అన్ని చార్టులూ ఒకేసారి రాసే అలవాటు ఉన్నది. పని కలిసివస్తుందని మొదలైన ఈ అలవాటే అసలు ప్రమాదం. మందు ఇచ్చిన మరుక్షణం, ఆ మంచం పక్కనే, సమయంతో సహా సంతకం పెట్టాలి. ఇవ్వకముందు పెట్టకూడదు, గంట తరువాత పెట్టకూడదు. అందుకు చార్టు మంచం దగ్గరే ఉండాలి, లేదా మందుల ట్రేతో పాటు మంచం దగ్గరికి వెళ్లాలి. కనీసం తేడా వస్తే ప్రాణం మీదికి వచ్చే ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్, రక్తం ఎక్కించడం వంటి విషయాలలోనైనా ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూసుకుని ఇద్దరూ సంతకం పెట్టే పద్ధతి మీ వార్డులో ఉన్నదా? సగం రాత్రులు మీరు ఒక్కరే ఉంటున్నారంటే అది కాగితం మీద ఉన్నా అమలులో లేనట్లే.

నేను 33 ఏళ్లు ఈ పని చేసి రిటైరైనదానిని, ఇలాంటి తప్పు నా వల్ల కూడా జరిగింది. ఉద్యోగంలో చేరిన మూడో ఏట, పల్నాడు వైపు నుంచి పురుగుమందు తాగిన కుర్రవాడిని తీసుకువచ్చారు. పత్తి, మిర్చి పండే మన ప్రాంతపు ఆసుపత్రులలో ఇటువంటి కేసు చూడని నర్సు ఉండదు. విషానికి విరుగుడుగా అట్రోపిన్ డ్రిప్ పెట్టారు. నేను బస్సు అందదన్న తొందరలో, రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్‌కు "అట్రోపిన్ నడుస్తోంది, పరవాలేదు" అని చెప్పి వెళ్లిపోయాను. అబద్ధం చెప్పలేదు, కానీ చెప్పవలసినది ఏదీ చెప్పలేదు. నిమిషానికి ఎన్ని చుక్కలు పెట్టామో, నాడి ఎంత ఉందో, కంటిపాప ఎంత విచ్చుకుందో, ఛాతీలో నెమ్ము శబ్దం తగ్గిందో లేదో, నోట్లో చొంగ ఆగిందో లేదో, నాడి ఎంత దాటితే డాక్టరు గారు తనను పిలవమన్నారో, వీటిలో ఒక్కటీ చెప్పలేదు. అర్ధరాత్రి ఆ పిల్లవాడు మంచం మీద నిలవక కేకలు వేస్తుంటే, విషం తలకెక్కిందనుకుని అందరూ కలిసి కాళ్లూ చేతులూ పట్టుకున్నారట. ఒళ్లు పొడిబారి కాలిపోవడం, నాడి పరుగెత్తడం గమనించి, ఇది విషం వల్ల కాదు, అట్రోపిన్ ఎక్కువై వచ్చిన స్థితి అని డ్యూటీ డాక్టరు గుర్తించి డ్రిప్ ఆపించారు. కుర్రవాడు బతికాడు. మరుసటి రోజు ఆ సిస్టర్ నన్ను నలుగురిలో ఒక్క మాట కూడా అనలేదు. లినెన్ గదిలోకి పిలిచి, రాత్రి ఏమి జరిగిందో మొదటి నుంచి చివరి వరకు చెప్పారు. ఆ తరువాత నేను డ్యూటీ అప్పగించకుండా మెట్లు దిగిన రోజు లేదు.

అందువల్ల మీకు నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఒక్కటే. మీకూ ఆ అక్కకూ మధ్య ఉన్న తగవు స్వభావాలకు సంబంధించినది కాదని, మీ రోస్టరులో ఎక్కడా లేని ఒక పావుగంటకు సంబంధించినదని నేను నమ్ముతున్నాను. ఆమె డ్యూటీ ఎనిమిదింటికి ముగుస్తుంది, మీ డ్యూటీ ఎనిమిదింటికి మొదలవుతుంది. ముప్పై మంది రోగులను ఒకరు మరొకరి చేతికి అప్పగించడానికి ఆసుపత్రి ఒక్క నిమిషం కూడా కేటాయించలేదు. ఎవరు సరిగా అప్పగించాలన్నా తన సొంత సమయం నుంచి ఇవ్వాలి. ఒకరు ఇస్తారు, ఒకరు ఇవ్వరు, ఇవ్వనివారిని ఇచ్చినవారు ద్వేషించడం మొదలుపెడతారు. ఉదయం తెనాలి సిస్టర్ విషయంలో మీకు కలుగుతున్న కోపం కూడా ఈ లోటులోంచి వచ్చినదే.

ఈ పావుగంటను అడిగి సాధించుకోవాలి. లెక్క చాలా సులువు. నెలకు 25 డ్యూటీలు చేసే నర్సు రోజుకు 15 నిమిషాలు ముందు వస్తే నెలకు 375 నిమిషాలు అవుతుంది, అంటే ఆరుంపావు గంటలు, అంటే దాదాపు ఆరు గంటల పగటి డ్యూటీ ఒకటి. ప్రతి ఒక్కరూ పావుగంట ముందు వచ్చి మంచం పక్కన డ్యూటీ తీసుకుంటామని, అందుకు బదులుగా నెలకు ఒక డ్యూటీ తగ్గించమని అడగడంలో అన్యాయం ఏమీ లేదు. ఈ మాట మీరు ఒక్కరే వెళ్లి అడిగితే ఫిర్యాదుగా కనిపిస్తుంది. ఆ అక్క సంతకం కూడా ఉంటే వార్డు కోరికగా కనిపిస్తుంది. ఆ సంతకం ఎలా వస్తుందన్న మాటకు తరువాత వస్తాను.

పావుగంట దొరికిన తరువాత దానిని ఎలా వాడాలన్నది మరింత ముఖ్యం. రిపోర్ట్ బుక్ ముందు కూర్చుని చదివి వినిపించడం డ్యూటీ అప్పగించడం అనిపించుకోదు. ఇద్దరూ కలిసి మంచం మంచం దగ్గరికీ నడవాలి. ముప్పై మందిలో ఇరవై మందికి పైగా ఒక్కొక్క వాక్యం చాలు. నిజంగా నిలబడి మాట్లాడవలసినవారు ఆరుగురో ఏడుగురో ఉంటారు. వారి దగ్గర కాన్యులా (సిరలో ఉంచే సన్నని గొట్టం) పెట్టిన చోట వాపు ఉన్నదా, సెలైన్ ఎంత మిగిలింది, యూరిన్ బ్యాగులో ఎంత ఉన్నది, ఆక్సిజన్ ఎన్ని లీటర్లు నడుస్తోంది అన్నవి ఇద్దరి కళ్లూ ఒకేసారి చూడాలి. మందుల చార్టును ఇద్దరూ కలిసి తిరగేయాలి. ఆ రోజు ఇలా చేసి ఉంటే 12వ పడక దగ్గర "ఇన్సులిన్ ఇచ్చారా అక్కా?" అని మీరు అడిగేవారు, ఆమె అక్కడికక్కడే సంతకం పెట్టేవారు. మంచం పక్కన మాట్లాడేటప్పుడు రోగీ, ఆయన తాలూకు వాళ్లూ వింటారు కనుక వారు కూడా సరిదిద్దగలరు. బయటివారు వినకూడని జబ్బుల సంగతి మాత్రం పక్కకు వచ్చి చెప్పుకోవాలి.

చెప్పే వరుస కోసం ఎస్‌బార్ అనే పద్ధతిని ఈ మధ్య చదువుకున్న పిల్లలందరూ కాలేజీలోనే నేర్చుకుంటున్నారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాములలో పుట్టి, అక్కడి ఆసుపత్రులకు, తరువాత మనకూ వచ్చిన పద్ధతి అది. ఇప్పుడు ఏమి జరుగుతోంది, దానికి ముందు ఏమి జరిగింది, నాకు ఏమనిపిస్తోంది, ఏమి చేయాలి అనే నాలుగు మాటలు అదే వరుసలో చెప్పడమే అందులోని సారం. రాత్రి రెండింటికి నిద్రలో ఉన్న డ్యూటీ డాక్టరును లేపవలసి వచ్చినప్పుడు ఇది చాలా అక్కరకు వస్తుంది. ఫోనులో ఆయన చెప్పిన మందు పేరు, మోతాదు తిరిగి ఆయనకే చదివి వినిపించి, అవునన్న తరువాతే రాసుకోండి.

ఇక ఫొటో సంగతి. మీకు కష్టంగా ఉన్నా సూటిగా చెబుతాను: అది మీ తప్పు. ఆ చార్టు మీద రోగి పేరు, జబ్బు, మందులు ఉంటాయి. అది ఆయన సొంత విషయం, అందరి ఫోన్లలోకి వెళ్లవలసినది కాదు. పైగా మీకంటే పదిహేనేళ్లు సీనియర్ అయిన మనిషిని, ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరి ముందు నిలబెట్టారు. అంత పెద్ద విషయం రాయవలసిన చోటు ఇన్సిడెంట్ రిపోర్ట్. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ మండలి) గుర్తింపు ఉన్న ఆసుపత్రులలో ప్రమాదం జరిగినా, జరగబోయి ఆగినా నమోదు చేసే ఏర్పాటు ఉండాలి. మీ ఆసుపత్రిలో అటువంటి ఫారం లేకపోతే తెల్లకాగితం మీద తేదీ, సమయం, జరిగినది, ఆగిన కారణం రాసి ఇన్‌ఛార్జి గారికి ఇవ్వండి. అందులో ఆ అక్క పేరు కంటే, ఆ వేళకు వార్డులో ఎంతమంది రోగులు, ఎంతమంది నర్సులు ఉన్నారో, చార్టు ఎక్కడ ఉన్నదో రాయడం ముఖ్యం. నెల గడిచినా ఇప్పుడైనా ఇవ్వవచ్చు.

ఆమెతో మాట్లాడవలసింది మీరే, ముందు మీరే. రాత్రి ఎనిమిదింటికి నర్సుల టేబుల్ దగ్గర వద్దు, అటెండెంట్లు వినే చోట వద్దు. ఇద్దరికీ డ్యూటీ లేని పూట చూసి, వీలైతే ఆమె ఇంటికే వెళ్లండి. "అక్కా, ఆ ఫొటో పెట్టడం నాది పొరపాటు, గ్రూపులోనే క్షమాపణ కూడా చెబుతాను. కానీ ఆ రోజు సిరంజి నా చేతిలో ఉంది. ఆవిడ ఆపకపోతే నేను పొడిచేదానిని. అప్పటి నుంచి నాకు భయంగా ఉంది" అని చెప్పండి. "మీరెప్పుడూ ఇంతే" అన్న మాట మాత్రం నోట రానీయకండి. సెలైన్లు, స్ట్రిప్పులు, పాత లెక్కలన్నీ ఆ రోజే విప్పకండి. ఆ తరువాత ఆమె చెప్పేది వినండి. సాయంత్రం డ్యూటీలో ఆమెకు ఎవరు సాయం ఉంటున్నారో, మధ్యాహ్నం రెండింటికి ఆమె చేతికి వార్డు ఎలా వస్తోందో మీకు తెలియకపోవచ్చు. ఆమె జీఎన్‌ఎం డిప్లొమా, మీరు బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ అయితే, "చదువుకున్న పిల్ల నాకు పాఠం చెబుతోంది" అన్న బాధ కూడా లోపల ఉండవచ్చు. మీరు కాలేజీలో నేర్చుకున్న వరుస ఆమెకు కొత్త కావచ్చు. దొరకని సిరను చీకట్లో వేలితో తడిమి పట్టుకోవడం ఆమె దగ్గర మీరు నేర్చుకోవలసి ఉండవచ్చు. రోస్టరు కోరిక మీద ఆమె సంతకం ఈ సంభాషణ తరువాతే వస్తుంది. మొదటిసారి రాకపోయినా రెండోసారి అడగండి.

తెనాలి సిస్టర్ విషయం దీనికంటే తేలిక. రైలు ఆమె చేతిలో లేదు, కానీ ఆలస్యం ప్రతిరోజూ నలభై నిమిషాలే అయితే అది ఆలస్యం కాదు, ఆమె డ్యూటీ వేళే అది. దానిని ఒప్పుకుని రాసుకోవడం మంచిది. ఆమె ముందు రైలుకు రాగలరా, లేకపోతే ఆమెను ఈవెనింగ్‌కు మార్చి గుంటూరులోనే ఉండే మరొకరిని ఉదయానికి వేయవచ్చా అని ఇన్‌ఛార్జి గారి ముందు ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. అంతవరకు రిలీవర్ రాకుండా మీరు వార్డు వదిలి వెళ్లకూడదు. కానీ ఏ రోజు ఎన్నింటికి దిగారో హాజరు పుస్తకంలో నిజమైన సమయం వేయండి. ఎనిమిదని వేసి ఎనిమిది నలభైకి దిగితే ఆ నలభై నిమిషాలు ఎవరి లెక్కలోనూ ఉండవు.

స్ట్రిప్పులు ఎందుకు ఉండవో కూడా మీకు తెలుసుననుకుంటాను. ఒక డ్యూటీ వారు తరువాత దొరకవన్న భయంతో లాకరులో దాస్తారు, అది చూసి రెండో డ్యూటీ వారు కాన్యులాలు దాస్తారు. ఎమర్జెన్సీ ట్రేతో పాటు స్ట్రిప్పులు, కాన్యులాలు కూడా అప్పగింతలో లెక్కపెట్టి సంతకం చేసే చిన్న పుస్తకం పెడితే, స్టోరుకు ఇండెంట్ (సరుకు కోరే చీటీ) ఎప్పుడు పెట్టాలో కూడా తెలుస్తుంది.

విజయవాడలో నేను ఇన్‌ఛార్జిగా చేసిన వార్డులో సంవత్సరం మొదట్లోనే పండుగల పట్టిక ఒకటి వేసుకునేవాళ్లం. మన జిల్లాల నర్సులలో క్రైస్తవులు చాలామంది ఉంటారు కనుక, డిసెంబరు 24 రాత్రి, 25 పగలు మిగతావారు చూసుకునేవారు. సంక్రాంతి మూడు రోజులూ ఆ సిస్టర్లు చూసుకునేవారు. దసరాలో అమ్మవారి మూలా నక్షత్రం రోజు సెలవు కావలసినవారికి రంజాన్ ఉపవాసాలు చేసే సిస్టర్ డ్యూటీ చేసేది, ఆమె ఉపవాసం విడిచే వేళకు ఎవరో ఒకరు ఆమె పడకలు చూసేవారు. అలా ఇచ్చిపుచ్చుకున్నవాళ్ల మధ్య చార్టులో గడి ఖాళీగా కనిపిస్తే ముందు ఫోను మోగేది: "అక్కా, పన్నెండుకి ఇన్సులిన్ ఇచ్చావా?" మీరు ఆ రాత్రి ఆ ఫోను చేయలేకపోయారంటే, అంతకు ఎన్నో నెలల ముందే మీ మధ్య మాట తెగిపోయి ఉంటుంది. అది నాకు ఈ ఉత్తరంలో అన్నిటికంటే దిగులు కలిగించిన విషయం.

ఇందులో మీరు, ఆ అక్క, తెనాలి సిస్టర్ ఎంత సర్దుకున్నా తీరనిది ఒకటి ఉన్నది. ముప్పై పడకలకు రాత్రి ఒక్క నర్సును ఉంచడం సర్దుకోవలసిన విషయం కాదు. సాధారణ ఆసుపత్రులలో ఐదు పడకలకు ఒకరు, బోధనాసుపత్రులలో మూడు పడకలకు ఒకరు, సెలవుల కోసం అదనంగా 30 శాతం ఉండాలన్నది భారతీయ నర్సింగ్ మండలి ప్రమాణం. ఆ లెక్కను ఎంత తక్కువగా పట్టుకున్నా ముప్పై పడకలకు ఎనిమిది మంది అవుతారు, మూడు డ్యూటీల మీద పంచితే రాత్రికి ఇద్దరు ఉంటారు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య శరీర ఉష్ణోగ్రత అతి తక్కువకు దిగుతుంది, చురుకుదనమూ అప్పుడే అడుగంటుతుంది. ఎంత గట్టి మనిషికైనా ఇది తప్పదు. ఇద్దరు ఉంటే ఒకరు ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవచ్చు, మందును ఇద్దరూ సరిచూసుకోవచ్చు. ఒంటరిగా ఉన్న ప్రతి రాత్రి తేదీ, ఆ రోజు ఉన్న రోగుల సంఖ్య మీ డైరీలో రాసుకోండి. రెండు నెలల లెక్కతో నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

ఉద్యోగం మానేసే నిర్ణయం వరుస నైట్ల మధ్య తీసుకోకండి. నాలుగు రాత్రుల నిద్ర లేని మనసుకు ఏ దారీ దారిలా కనిపించదు. నైట్లు ముగిశాక, రెండు రోజులు నిద్రపోయిన తరువాత కూడా ఏడుపు ఆగకపోతే, తిండి సయించకపోతే, 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నర్సులం ఇతరుల నాడి చూస్తూ మన సంగతి వాయిదా వేస్తుంటాము, మీరు వేయకండి. పైన చెప్పినవన్నీ చేసి, రాతపూర్వకంగా అడిగిన తరువాత కూడా యాజమాన్యం మిమ్మల్ని ముప్పై మందితో ఒంటరిగానే ఉంచితే, అప్పుడు మరో ఆసుపత్రి వెతుక్కోండి. దానిని పారిపోవడంగా నేను అనుకోను, మీరూ అనుకోకండి.

ప్రస్తుతానికి తరువాతి నెల రోస్టరు ఏ తేదీన వేస్తారో కనుక్కోండి. దానికి వారం ముందే ఆ అక్కతో మాట్లాడటం పూర్తి చేసి, పావుగంట కోరిక రాసిన కాగితం ఇద్దరూ కలిసి పట్టుకెళ్లి ఇవ్వండి, మీ దగ్గర ఉంచుకునే నకలు మీద అందినట్లు సంతకం, తేదీ వేయించుకోండి.